జంటగా వస్తే కుదరదు

సేవా సంస్థల ఐక్య సమావేశం. టీ విరామంలో హాలు బయట మెట్ల మీద ఇద్దరు: ఒంటరి మహిళల వసతి గృహం నడిపే వదిన, ఉచిత భోజనశాల నడిపే మరిది.

“...అది కాదు వదినా, ఒక్క మాట వినండి.”

“మాటలు లోపల బోలెడు దొరుకుతున్నాయి. నేను టీ కోసం వచ్చాను.”

“నిన్న సాయంత్రం మీ గేటు దగ్గరికి ఒక జంటను పంపాను.”

“పంపుతావు. నాలుగు మెతుకులు పెట్టి, పడక కోసం మా మీదికి తోలుతావు.”

“మీరు పడకేసి, అన్నం కోసం మా మీదికి తోలట్లేదా? అన్నయ్య, మీరు, నేను కలిసి నడిపినన్నాళ్లూ ఈ గొడవ లేదు.”

“విడిపోయిన రోజు గిన్నెలన్నీ ఆటోలో వేసుకుపోయింది ఎవరో! గరిటె కూడా మిగల్చలేదు.”

“మంచాలన్నీ మీకు వదిలేశానుగా.”

“మంచాలు వండుకు తినమంటావా?”

“గిన్నెల గురించి తర్వాత తీరిగ్గా తిట్టండి. ఆ జంటలో ఆయన దర్జీ. చూపు పోయింది. మొన్నటి వానకి ఉంటున్న గది కూలిపోయింది.”

“మా గేటు కాపలా పిన్ని చెప్పింది. ఆవిణ్ణి రమ్మన్నాం, ఆయన్ని వద్దన్నాం. మాది ఒంటరి ఆడవాళ్ల ఇల్లు. మొగుణ్ణి చేయి పట్టుకుని తీసుకొస్తే ఒంటరిది ఎలా అవుతుంది?”

“చూపులేనివాళ్ల హాస్టల్‌కి కూడా తీసుకెళ్లాను.”

“లోపల మైకు వదలట్లేదే ఒకాయన, ఆ హాస్టల్ ఆయనదేగా?”

“ఆయనదే. మగవాళ్లకి మాత్రమేనట. భార్యని మీ దగ్గర దింపేస్తే ఈయన్ని చేర్చుకుంటానన్నాడు. ఆదివారాలు వచ్చి చూసుకోవచ్చట, జైల్లో ములాఖత్తులాగా.”

“ఇందాక ఆ నోటితోనే మనమంతా ఒకే కుటుంబం అన్నాడు.”

“మీరు చప్పట్లు కొట్టారు.”

“పక్కావిడ కొడితే కొట్టాను. నేను నిద్రలో ఉన్నాను.”

“వృద్ధాశ్రమం నడిపే డాక్టరుగారిని అడిగాను. ఇద్దరికీ వయసు చాలదు, కొన్నేళ్లు ఆగి రమ్మన్నారు.”

“ఎక్కడ ఆగాలట?”

“అది తమ పరిధిలోకి రాదట.”

“నవ్వించకు, టీ ఒలుకుతుంది. ఇప్పుడెక్కడున్నారు వాళ్లు?”

“పొద్దున దాకా మా వరండాలో, అంట్ల మధ్య. భోజనశాల బిల్డింగు ఓనరు చూసి, ఇది సత్రం కాదు, ఖాళీ చెయ్యమని నా మీద ఎగిరాడు. ఆ మాట వాళ్ల చెవినపడింది. మీ గేటు దగ్గరే ఇంకోసారి అడుగుతామని బయల్దేరారు.”

“అంటే తిరిగి తిరిగి నా నెత్తికే.”

“ఆయన ఇప్పటికీ కుడతాడు వదినా. చేత్తో తడిమి కుడతాడు, ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తుంది. ఇద్దరూ కలిస్తే ఒక దర్జీ. మీ దగ్గర ఎవరో ఇచ్చిన కుట్టుమిషన్లు తుప్పు పడుతున్నాయట కదా.”

“నా మిషన్ల సంగతి నీకెవరు చెప్పారు?”

“అన్నయ్య.”

“మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా?”

“మంగలి షాపులో కలుస్తుంటాం.”

“నాకు తెలియకుండానా?”

“మీకు తెలిస్తే ఇద్దరం గడ్డాలు పెంచుకోవాల్సిందే కదా.”

“ఆ మొహాలకి అదొక్కటే తక్కువ. చూడు, నా ఇంట్లో తన్నులు తిని వచ్చినవాళ్లున్నారు. మగగొంతు వినబడితే మంచం కిందకి దూరే పిల్ల ఉంది. ఈయన మంచివాడే, కాదనను. ఆ పిల్లకి ఏం చెప్పను?”

“...అదీ నిజమే.”

“నిజమే అని ఊరుకుంటావేం? ఎదురు చెప్పు. నువ్వు ఒప్పేసుకుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడవు.”

“వీధి వైపు ఒక గది ఉందిగా. తలుపు బయటికే. అన్నయ్య ఆఫీసు.”

“అది మీ అన్నయ్య సింహాసనం. అధ్యక్షులవారు కదలరు.”

“అక్కడ ఏం చేస్తాడు?”

“పేపరు చదువుతారు. మధ్యాహ్నం పడుకుంటారు.”

“ఇంకేం, ఇప్పటికే అది వసతి గృహం.”

“నవ్వించకన్నానా! ...సరే. గది నాది. తిండి?”

“నాది. రెండు పూటలా క్యారేజీ తెస్తాను.”

“వాళ్లిద్దరికే తెస్తే మిగతావాళ్లు చూస్తూ కూర్చోవాలా? ఇంటి మొత్తానికి తే.”

“మొత్తానికా?”

“మొత్తానికే. మీ దగ్గర తిని వీధి అరుగుల మీద పడుకునే ఆడవాళ్లని నేను తీసుకుంటాను. మంచాలు కొన్ని ఖాళీగానే ఉన్నాయి.”

“ఈ ముక్క చెప్పడానికి ఇన్నేళ్లు పట్టిందా వదినా?”

“నువ్వడిగితే కదా. ఆ పెద్ద గుండిగ కూడా తీసుకురా. అది మా పుట్టింటిది.”

“తెస్తాను. అడుగు కాస్త మాడింది.”

“నీకిస్తే మాడక ఏమవుతుంది?”

“లోపలికి పిలుస్తున్నారు. ఐక్యత మీద తీర్మానమట.”

“వాళ్లని తీర్మానించుకోనీ. ఆగు, గేటు పిన్నికి ఫోన్ చేస్తాను. స్పీకరు పెడుతున్నాను, నువ్వూ విను, రేపు నేను మాట మార్చానంటావు. హలో, పిన్నీ! నిన్నటి దర్జీగారి జంట వస్తారు. అయ్యగారి గది తాళం తీసి ఇద్దర్నీ కూర్చోబెట్టు.”

“ఇద్దరెక్కడమ్మా? ఆవిడొక్కతే వచ్చింది. ఆయన సందు చివర దాకా తోడొచ్చి, ‘ఇప్పుడు నిన్ను వదిలేశాను, ఇక చేర్చుకుంటారు పో’ అని చెయ్యి విడిపించుకుని అప్పుడే వచ్చి ఆగిన ఏదో బస్సు ఎక్కేశాడట, అదెటు పోయేదో కూడా తెలీకుండా... మన నియమానికి సరిపోయింది కదాని మంచం ఇచ్చేశానమ్మా.”