మా ఇంటి పొగ

బూట్లు విప్పకండి జెనోన్ గారూ, వెళ్ళేది నేలమాళిగలోకే కదా. ఆ చివరి మెట్టు ఊగుతుంది, చూసి దిగండి. ఇంతకీ ఫోను చేసినవాళ్ళు పేరు చెప్పలేదంటారు. అదే నాకు ఒళ్ళు మండేది. వీధిలో ఎదురైతే పలకరింపులు, ఇంట్లోకెళ్ళి తలుపేసుకుని ఫిర్యాదులు. పేరు చెప్పుకునే ముఖం లేనివాళ్ళ మాట పట్టుకుని మా పొయ్యిలో బూడిద తవ్వుకుపోవడానికి వచ్చేస్తారా మీరు?

అలా చూడకండి. తెలుసు లెండి, ఈ వీధి గురించి మీ నగరపాలిక గార్డులకి అందరికంటే ఎక్కువ ఫోన్లు చేసింది నేనే. కానీ నేను పేరు చెప్పి చేశాను. "హిల్డాని మాట్లాడుతున్నాను, ఫలానా ఇంట్లో చెత్త కాలుస్తున్నారు, వచ్చి బూడిద పరీక్షకి తీసుకెళ్ళండి" అని. నా గొంతు వినగానే మీ ఆఫీసులో "ఇదిగో, ఆయాసం ఆవిడ" అనుకునేవాళ్ళట. అనుకోనీండి. ఆయాసం ఉన్నమాట నిజమే కదా.

ఉండండి, దీపం వేస్తాను. ఇల్లంతా వెచ్చబెట్టే పొయ్యి ఇదే. చెయ్యి పెట్టి చూడండి, రాయిలా చల్లగా ఉంది. మేం బొగ్గు మానేశాం, మీకు తెలియనిదేముంది. గాలి బాగుచెయ్యమని ప్రభుత్వం మీద కేసు వేసిన రోజే మాన్పించాను.

మా ఆయన అలోయిజ్ బతుకంతా బొగ్గు గనిలోనే గడిచింది. పింఛనుతోపాటు గనివాళ్ళు బొగ్గు కూడా ఇచ్చేవాళ్ళు. లారీ వచ్చి గుమ్మం ముందు కుప్ప పోస్తుంటే ఆయన చేతులు వెనక్కి కట్టుకుని గడప మీద నిలబడి చూసుకునేవాడు. అది ఆయన సంపాదన. అది ఆయన పరువు. "గాలి కోసం కోర్టుకెళ్తూ మనింట్లో బొగ్గు కాలిస్తే నలుగురూ నవ్వరూ, వద్దని రాసిచ్చెయ్యండి" అన్నాను. దానికి ఆయన, "రాత్రిళ్ళు నీ పిల్లికూతలు వినలేకపోతున్నాను, అలాగే కానియ్" అన్నాడు.

ఇక అప్పట్నుంచీ వీధికి గ్యాసు లైను వస్తుంది, వస్తుంది అని ఎదురుచూపు. వెనక గదిలో ఒక చిన్న కరెంటు హీటరు. ఇంట్లోనే కోటూ టోపీ వేసుకుని కూర్చుంటాడు పాపం. ఇప్పుడూ పైన అలాగే కూర్చున్నాడు. పిలవకండి.

ఏమిటీ, కేసా? రేపే. పేపర్లో చదివే ఉంటారు. పేపరువాళ్ళకి అర్థమైంది అంతంతమాత్రం. నాకు మా లాయరమ్మాయి కింగా విడమరిచి చెప్పింది. చూడండి, గాలిలో మసి ఇంతకుమించి ఉండకూడదని ఐరోపా దేశాలన్నీ కూర్చుని ఒక చట్టం రాసుకున్నాయి. మన ప్రభుత్వమూ సరేనంది. సరేనని తెచ్చి అటకెక్కించింది. దాన్ని కిందకి దించమని అడగడానికి నేనేం ఆ చట్టం రాసిన బ్రస్సెల్స్ దాకా వెళ్ళలేదు. మన ఊళ్ళో ట్రాము ఎక్కి మన కోర్టుకే వెళ్ళాను. నా ఊపిరి నాకు ఇప్పించండి, దానికి ఏం చేస్తారో ప్రభుత్వాన్ని చెప్పమనండి అన్నాను. అంతే.

ప్రభుత్వం తరపు లాయరు లేచి ఏమన్నాడో తెలుసా? "అది ప్రభుత్వాలు ప్రభుత్వాలతో అనుకున్న మాట, మధ్యలో ఈవిడెవరు?" అన్నాడు. ఈవిడెవరట. జడ్జిగారు కూడా అవునన్నారు. మేం పై కోర్టుకెళ్ళాం. అక్కడ కింగా చెప్పింది, "ఆ చట్టం ఎవరి ఊపిరి కోసం రాశారో వాళ్ళే ఈవిడ. తన దేశం కోర్టులో తనే అడగొచ్చు. ఐరోపా దేశాలన్నిటికీ పెద్దదైన లక్సెంబర్గ్ కోర్టు ఈ సంగతి ఎప్పుడో తేల్చేసింది" అని. పై కోర్టు ఒప్పుకుంది, విచారణ మళ్ళీ మన ఊరికే పంపింది. ఆవేళ ట్రాములో ఏడుస్తూనే వచ్చాను. గని కార్మికుడి పెళ్ళాన్ని, ఒక బట్టల దుకాణంలో గుండీలు అమ్మినదాన్ని. మంత్రులు రాసుకున్న చట్టం నా నోట పలుకుతుందంటే మరి.

అయితే అందులో ఒక మెలిక ఉంది. ఆ చట్టంతో ప్రభుత్వాన్ని నిలదీయొచ్చు, పక్కింటివాణ్ణి నిలదీయలేం. వాళ్ళ మీద అది పనిచెయ్యదు. అందుకే వాళ్ళ పొగలకి మీకు ఫోన్లు చేసేదాన్ని. అటు కోర్టు, ఇటు మీరు. రెండువైపులా నేనే గెలుస్తాననుకున్నాను.

పోయిన వారం టీవీలో చూశారా నన్ను? చూసే ఉంటారు. చూడనట్టు నటించకండి, నామీద మర్యాదకొద్దీ.

ముందురోజు ఫోను చేసి వస్తున్నామన్నారు. సంతోషమేసింది. గసగసాల కేకు చేశాను, పెళ్ళినాటి కాఫీ కప్పులు దించాను. తీరా ముందు గదిలోకి వెళ్తే మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరొస్తోంది. చెప్పండి, ఇంటికొచ్చినవాళ్ళని అలాంటి గదిలో కూర్చోబెడతామా? మా అమ్మ పోయే ముందు కూడా, "చర్చి ఫాదర్ వస్తాడే, ముందు గది వెచ్చగా ఉందా?" అని అడిగింది. పట్నంనుంచి వచ్చినవాళ్ళు మా ఇంట్లో వణుకుతూ కాఫీ తాగుతారా అని నాకు సిగ్గేసింది. దేనికి సిగ్గుపడాలో దానికి మాత్రం పడలేదు.

ఆ మూల చూడండి. ఇప్పుడు ఖాళీ. అక్కడ పాత కిటికీల చట్రాలుండేవి. ప్లాస్టిక్ కిటికీలు పెట్టించినప్పుడు, ఎందుకైనా పనికొస్తాయని అలోయిజ్ దాచాడు. ఎన్ని ఈస్టర్లకి ఎన్ని పూతలు వేశామో, తెల్ల రంగు మందంగా పేరుకుని ఉండేది. రంగు వేసిన చెక్క కాల్చడమంటే చెత్త కాల్చినట్టే, జరిమానా వేస్తారు. ఆయన మందుల షాపుకి వెళ్ళినప్పుడు నేనే విరగ్గొట్టాను, నేనే పొయ్యిలో పెట్టాను. ఈ ఒక్కసారికే కదా అనుకున్నాను. ఈ మాట అన్నందుకు నేను ఎంతమందిని తిట్టానో మీకు తెలుసు. మీరూ పక్కనే ఉన్నారు.

గది భలే వెచ్చబడింది. టీవీ అమ్మాయి కోటు విప్పింది. కేకు బావుందండీ అంది. ఇంతలో కెమెరా అతను కిటికీ దగ్గరికెళ్ళి, "అబ్బో, ఆ పొగ చూడండి" అన్నాడు.

చూశాను. తారులా నల్లగా వీధి మీదికి దిగుతోంది. గాలి మా కప్పు మీంచి దాన్ని ఎదురింటి మీదికి తోసింది. మా కిటికీలోంచి చూస్తే ఆ ఎదురింటి ఎవాల్డ్ వాళ్ళ పొగగొట్టంలోంచే వస్తున్నట్టుంది. "ఆ ఇల్లెవరిది?" అని ఆ అమ్మాయి అడిగింది.

నేను చెయ్యెత్తి చూపించాను జెనోన్ గారూ. "అక్కడ ఇప్పటికీ బొగ్గే కాలుస్తారు, నేను పీల్చేది అదే" అన్నాను. మాటవరకూ నిజమే. పొగ మాత్రం మాది.

ఎవాల్డ్ ఎవరో మీకు తెలుసుగా. గనిలో మా ఆయనతో పక్కపక్కన పనిచేసినవాడు. ఒకసారి కప్పు కూలితే మా ఆయన్ని కాళ్ళు పట్టి బయటికి లాగినవాడు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరికీ పేకాట తప్పనిసరి. టీవీలో ఆ బొమ్మ వచ్చాక రొట్టెల దుకాణంలో అతన్ని చూసి జనం పక్కకి జరిగారట. తలుపు మీద ఎవరో గుడ్లు కొట్టారు. మీరే కదా వెళ్ళి అతని బూడిద తీసుకెళ్ళింది? ఏం దొరికింది, ఒట్టి బొగ్గు బూడిద, దానికి జరిమానా లేదు. అయినా ఎవరు నమ్మారు? గార్డులకి ఏదో ముట్టజెప్పి ఉంటాడన్నారు. అతని భార్య ట్రుడ్కా రోజూ కిటికీలో దిండు వేసుకుని, మోచేతులు ఆనించి వీధంతా చూస్తూ ఉండేది. ఇప్పుడు తెర వేసేసింది.

వార్తలయ్యాక అలోయిజ్ లేచి టీవీ కట్టేశాడు. ఖాళీ అయిన మూల అప్పటికే చూశాడు. "నా బొగ్గు మాన్పించావు, మానేశాను. వాడి ముఖానికి మసి పూస్తావనుకోలేదు" అన్నాడు. అరిచినా బావుండేది.

ఆదివారం ఆయన పేకాటకి వెళ్ళలేదు. ఎవాల్డే వచ్చాడు, పేకముక్కలు జేబులో వేసుకుని. తలుపు కొట్టాడు. "అలోయిజ్, ఒంట్లో బావుండలేదా?" అని బయట్నుంచే అడిగాడు. మేమిద్దరం వంటింట్లో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం, అతను వెళ్ళేదాకా. అప్పుడే ఆయాసం రాబోతే నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను.

రేపు ఆ పొగ బొమ్మ కోర్టులో వేసి చూపిస్తుందట కింగా. నిన్న ఎవరి సంగతో అడుగుతున్నట్టు అడిగాను, "కేసు వేసినవాళ్ళే చెత్త కాలిస్తే ఏమవుతుందమ్మా?" అని. "ఏమీ కాదండీ. ఆ చట్టం బాధ్యత పెట్టింది ప్రభుత్వం మీద. మీకు ఇచ్చింది హక్కు. అది మిమ్మల్నేమీ అడగదు" అంది నవ్వుతూ. నేను హాయిగా ఊపిరి పీల్చుకోవాలి కదా? ఇన్ని కోర్టులు ఎక్కిదిగాను, ఒక్కటీ నన్నేమీ అడగదట.

అదేమిటి, పైపైన తీస్తున్నారు? పైది దుమ్ము. పార లోపలికి పెట్టండి, ఇంకా అడుక్కి. ఆఁ, తగిలిందా? మేకులు. ఆ వంకరది కిటికీ బందు. దాని పక్కన తెల్లగా ఉంది చూడండి, రంగు పెచ్చు, సగమే కాలింది. సంచిలో వేసుకోండి, అన్నీ వేసుకోండి.

ఫోను చేసింది నేనే.

ముక్కు మూసుకుని, గొంతు మార్చి చేశాను. మీరు గుర్తుపట్టే ఉంటారు, అడగలేదు. ఊరందరి మీదా పేరు చెప్పి చేసినదాన్ని, నా ఇంటిమీద చెప్పుకునేసరికి నా పేరు నా నోట్లోంచి రాలేదు. ఎదురింటి తలుపు కొట్టి ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ గడప ఎక్కలేకే మిమ్మల్ని పిలిచాను. పిలిచి, మీరొచ్చాక మళ్ళీ మీమీదే ఎగిరాను చూశారా.

రేపు కోర్టుకి వెళ్తాను. మానను. నా ఊపిరితిత్తులు ఏం తప్పు చేశాయి? కానీ ఆ బొమ్మ వేసేముందు లేచి, ఇది మా ఇంటి పొగ అని చెప్పాలి. చెప్తానో, కూర్చునే ఉండిపోతానో నాకే తెలియదు. మీరు జరిమానా రాసిన కాగితం నా చేతిసంచిలో ఉంటే తప్పించుకోలేను. నా పేరు మీదే రాయండి, ఆయన పేరు మీద కాదు.

అటు కాదు జెనోన్ గారూ, పెరటి తలుపు వద్దు. నాకు మర్యాద చెయ్యకండి. ముందు గుమ్మంలోంచే వెళ్ళండి, ఆ సంచి పైకి కనబడేలా పట్టుకుని, నెమ్మదిగా. ట్రుడ్కా తెర వెనకే ఉంటుంది, చూడనీ. నేనూ వస్తాను వీధిలోకి, మీ పక్కనే నిలబడతాను. కోటు వద్దులెండి. చలి వేస్తే వెయ్యనీ.