గాజుపెట్టెలోని చిత్రిక

నా పేరు మెర్ల్ టాట్నెల్. వయసు అరవై మూడు. టాస్మేనియాలోని ఫ్రాంక్లిన్‌లో చెక్క పడవలు కట్టి, బాగుచేసి బతుకుతున్నాను. ఈ రోజు, 2019 మార్చి 9, శనివారం మధ్యాహ్నం మూడున్నరకు, కానిస్టేబుల్ రోవెనా డెల్ అడగగా ఇది చెబుతున్నాను. నన్నెవరూ బెదిరించలేదు. టీ ఇచ్చారు.

గాజు పగలగొట్టింది నేనే.

లోపలున్న జపాను చిత్రిక, అంటే చెక్కను నునుపుచేసే పనిముట్టు, నాది. మామూలు చిత్రికను తోస్తాం, దీన్ని మనవైపు లాగాలి. మా యార్డులో ఆరేళ్లు పనిచేసిన సెత్సుజి హిరాబయాషి గారు వెళ్లిపోతూ నా చేతికిచ్చారు. "దాచిపెట్టకు, అరగదియ్యి," అన్నారు.

2017 ఆగస్టు 5న మా చేతిపనిముట్ల సంఘం ప్రదర్శన కోసం దాన్ని డెస్మండ్ ప్రాట్‌కు ఇచ్చాను. ఒక్క శనివారానికి. డెస్మండ్ రిటైరైన పళ్ల డాక్టరు, సంఘం అధ్యక్షుడు. ఇంగ్లండు ఉలులు, జర్మనీ రంపాలు, జపాను సానరాళ్లు అతని దగ్గర మూడు వందలకు పైనే ఉన్నాయి. తెల్ల చేతితొడుగులు లేకుండా వాటిని ముట్టుకోడు. ఒక్కదానికీ చెక్కపొట్టు అంటలేదు.

సోమవారం వెళ్లి అడిగాను. అప్పటికే దాన్ని సంఘం హాల్లో గాజుపెట్టెలో పెట్టేశాడు.

"ఇంకొన్నాళ్లు ఉండనీ మెర్ల్. అందరూ ముచ్చటపడుతున్నారు."

క్రిస్మస్‌కు అడిగాను.

"ఆ బ్లేడులో మిగిలిందే రెండంగుళాల ఉక్కు. నీకిస్తే సానపట్టి సానపట్టి పదేళ్లలో మాయం చేస్తావు. చేసిన కమ్మరి పోయాడు. ఇంకోటి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"అరగడానికే కదయ్యా ఆయన చేసింది!"

"సంఘంలో చర్చిద్దాం."

చర్చించారు. ఐదు సమావేశాలు చర్చించారు. ఒకసారి గంటన్నరసేపు దానికి ఏ నూనె రాయాలా అని చర్చించారు. కిందటి నవంబరులో ఓటు పెట్టారు. గాజులోనే ఉండాలని పదకొండు చేతులు, నా పక్షాన నాలుగు. నా వస్తువు మీద ఓటు. నా వస్తువు మీద.

ఫిర్యాదు ఎందుకివ్వలేదని కానిస్టేబుల్ అడిగారు. ఒక చెక్క ముక్క కోసం స్నేహితుడి మీదికి పోలీసులను పంపడానికి సిగ్గేసింది. ఈ రోజు అతనే పిలిచాడు.

ఎడ్నా స్పాల్డింగ్ అనే పెద్దావిడ పడవకు పలక ఒకటి మార్చాలి. హ్యూవాన్ పైన్ అనే అరుదైన టాస్మేనియా చెక్క, అలాంటిది నా దగ్గర ఒక్కటే మిగిలింది. దాని నార రెండువైపులకూ తిరిగి ఉంది. నా మిగతా చిత్రికలు రెండూ దాన్ని పీకిపెట్టాయి. జానెడు మేర పాడైంది. అక్కడితో ఆపేసి, పలక భుజాన వేసుకుని పది ఇరవైకి సంఘం హాలుకు వెళ్లాను.

"ఈ రోజు వద్దు మెర్ల్. చూడ్డానికి జనం వచ్చారు," అన్నాడు డెస్మండ్.

కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ వేశాను. కుడి అరచెయ్యి తెగింది, తర్వాత మూడు కుట్లు పడ్డాయి. పలకను హాల్లోని బల్లకు బిగించాను. బ్లేడును రెండుసార్లు మెల్లగా తట్టి, లాగాను. నాలుగడుగుల చెక్కపొర తెగకుండా వచ్చింది.

డెస్మండ్ అప్పుడే మీకు ఫోన్ చేసి పెట్టేశాడు. నా దగ్గరికొచ్చి, "ఇటివ్వు," అన్నాడు. చిత్రికను గట్టిగా పట్టుకున్నాను. అతనడిగింది పొరను. తొడుగులు విప్పి, కిటికీ వెలుగులో పట్టుకుని చూశాడు.

"ఇంత పల్చగా తీస్తుందా?"

"నీ మూడు వందల్లో ఎన్ని ఇలా తీస్తాయో నీకే తెలీదు డెస్."

"అయినా గాజు పగలగొట్టావు," అన్నాడు.

"పగలగొట్టాను."

గాజు నేనే వేయిస్తాను. చిత్రికను మళ్లీ ఇవ్వను. ఇప్పుడది సాక్ష్యమని ప్లాస్టిక్ సంచిలో ఉంది. బ్లేడు మీద నా రక్తముంది. రక్తం ఉక్కును తినేస్తుందని రెండుసార్లు చెప్పాను. నన్ను ఎంతసేపైనా కూర్చోబెట్టండి, ముందు దాన్ని తుడవండి.

పైదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం. నేను సంతకం పెట్టేలోపు కానిస్టేబుల్ డెల్ సంచి విప్పి, తన రుమాలుతో బ్లేడు తుడిచారు. అదీ రాయమన్నాను. కుదరదన్నారు. రాయకపోతే సంతకం పెట్టనన్నాను. రాశారు.

(ఎడమచేతి సంతకం) మెర్ల్ టాట్నెల్