పొయ్యి లేనివాడి సంచీ

వంటింటి బల్ల నిండా డబ్బాలూ పొట్లాలూ. పండగ ముందు గూడు లేనివాళ్లకు పంచే సంచీ కోసం తల్లి సరుకులు ఏరుతోంది. ఆస్పత్రిలో నర్సుగా చేసే కూతురు ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చింది.

"మళ్లీ అదెందుకు తీశావమ్మా? బియ్యం ఉండనీ."

"బియ్యం ఎక్కడ వండుకుంటాడే? పొయ్యా, గిన్నా?"

"వండుకుంటాడేంటి? వండుకుంటారు అను. సంచీ ఎవరి చేతికి వెళ్తుందో నీకేం తెలుసు?"

"ఎవరికో ఒకరికి. ఆ చేపల డబ్బా ఇలా ఇయ్యి. అది కాదే, మూతకి రింగున్నది. రింగు లేకపోతే కత్తి కావాలి."

"పోనీ, ఈ బిస్కెట్లు?"

"గట్టివి వద్దు. ఆ మెత్తవి. నీళ్లలో ముంచితే కరిగిపోతాయే, అవి."

"అమ్మా."

"పాలపొడి చిన్న పొట్లాలే పెడదాం. పెద్ద డబ్బా అయితే వానకి గడ్డ కట్టేస్తుంది."

"అమ్మా, కాస్త ఆపు. ఇలా కూర్చో."

"కూర్చుంటే ఎలా? సాయంత్రానికి సంచీలు పంచే హాల్లో ఉండాలి. ఈసారీ కిటికీ దగ్గర అందించేది నేనే."

"ఈసారి నువ్వు వెళ్లొద్దు."

"ఎందుకట?"

"ఊరికే. చలి. నీ చెయ్యి కూడా... చూడు, ఆ మూతే తిప్పలేకపోతున్నావు. ఇలా ఇయ్యి."

"చలికి మణికట్టు పట్టేస్తుందే, అంతే."

"చలికి కాదు. ఆయన విరగ్గొడితే. ఆ చేత్తోనే ఆయనకి మెత్తటి బిస్కెట్లు ఏరుతున్నావు."

"ఆయనకని నేనన్నానా?"

"అనక్కర్లేదు, ఏటా చూస్తూనే ఉన్నా. పళ్లూడినవాడికి, పొయ్యి లేనివాడికి, వానలో పడుకునేవాడికి. నాన్నకి కాక ఎవరికి?"

"గడియ పెట్టింది నేను. నువ్వు కాదు. అది గుర్తుంచుకో."

"నేనేమన్నా అన్నానా?"

"తాగొచ్చి తలుపు బాదుతుంటే తియ్యను, పొమ్మన్నా. పోయాడు. మళ్లీ రాలేదు. పెళ్లయ్యాక నా మాట విన్నది అదొక్కసారే."

"నవ్వకు, ప్లీజ్."

"నిరుడు వరసలోకి వచ్చాడు. నా చేత్తోనే అందించా సంచీ. తలెత్తలేదు. 'చల్లగా ఉండమ్మా' అన్నాడు. నన్ను! అమ్మా అన్నాడే నన్ను."

"నాకెప్పుడూ చెప్పలేదే ఈ మాట."

"చెప్తే ఏం చేసేదానివి?"

"ఏమో. అందుకే వద్దంటున్నా. కిటికీ దగ్గర నిలబడి ఒక్కొక్కడి మొహం చూస్తావు. వరసంతా అయిపోయేదాకా చూస్తావు. ఆ తర్వాత అందరి ముందూ..."

"అందరి ముందూ?"

"ఏం లేదు. జామ్ పెట్టావా?"

"పెట్టా. మాట మార్చకు. ఎన్నాళ్ల నుంచో నోట్లోనే నములుతున్నావు. ఇంక అనెయ్యి."

"నాన్న రాడమ్మా."

"ఊఁ."

"రాడు అంటున్నా, వింటున్నావా? మా ఆస్పత్రికే తెచ్చారు. ఊపిరితిత్తుల్లో నీరు. నేను డ్యూటీకి వెళ్లేసరికే... వరండాలో, స్ట్రెచర్ మీద. ఆ గడ్డానికి ముందు గుర్తుపట్టలేదు. పట్టాక కూడా కాసేపు నోరు విప్పలేదు. పేరు తెలీని మనిషి అని అనుకుంటున్నారు వాళ్లు. అప్పుడు చెప్పా, మా నాన్న అని. అన్నీ నేనే చేయించా. నీతో ఎలా చెప్పాలో తెలీక..."

"అందుకేగా, ఆ వారమంతా కంచం ముందు కూర్చుని లేచిపోయావు."

"అమ్మా... నీకు తెలుసా?"

"ఒక్కదానివే మోశావే. నన్ను పిలవాల్సింది."

"ఎవరు చెప్పారు? మా ఆస్పత్రివాళ్లెవరూ నీతో మాట్లాడలేదే! నాన్నని తెచ్చినవాడు కూడా ఆగలేదన్నారు. ఎవడో భుజాన వేసుకుని వానలో నడిచొచ్చి, దించేసి వెళ్లిపోయాడట."

"వెళ్లిపోలేదు. ఊపిరి ఆగిందన్న మాట వినేదాకా గేటు బయటే ఉన్నాడు."

"మరి... అంతా తెలిసీ ఎవరి కోసమమ్మా ఇవన్నీ?"

"వాడి కోసమే. వాడికీ పళ్లు లేవు, పొయ్యీ లేదు. మీ నాన్న ఎప్పుడో చెప్పిన గుర్తులు పట్టుకుని అక్కణ్ణుంచి తిన్నగా ఇక్కడికొచ్చాడు, తడిసి ముద్దై. కబురు చెప్పాడు. కాస్త అన్నం తిని వెళ్లు నాయనా అంటే, 'వరసలో నిలబడి తీసుకుంటానమ్మా, ఆయన్ని రానివ్వని ఇంట్లో నేను తినలేను' అన్నాడు."