సద్ది కట్టుకోనొచ్చిన జడ్జమ్మ

"అవ్వా, మీ చిన్ననాటి హాస్టల్లో పిల్లల్ని పెట్టిన బాధల మీద స్వతంత్ర విచారణ వేశారు కదా. అది ఎలా మొదలైందో చెప్పు."

స్వతంత్రమంట. ఆ మాట నీ నోట్లో బాగుండాది పాపా, మడత ఇప్పని చీర మాదిరి. సోమవారం నా సాక్ష్యం. ఇప్పుట్నుంచే నాలిక ఎండుకపోతాండాది. నీకు చెప్తే అదన్నా తడుస్తాదేమో, ఇను.

విచారణ మాకు కొత్తగాదులే. మీ నాయన పుట్టకముందే ఒకటి జరిగింది. మీ నాయనేంది, నాకు పెండ్లే కాలేదు, పదేండ్లదాన్ని. కరువొచ్చి మా నాయనోళ్ళు బళ్ళారి తట్టు కూలికి పోతా, సంగటన్నా దొరుకుతాదని నన్ను హాస్టల్లో ఇడిచిపెట్టినారు. దొరికిందిలే. సంగటి ఒక పూట, బెత్తం మూడు పూట్లా.

మాబున్ని అవ్వ తెలుసు గదా, గుంతకల్లులో ఉండాదే, రంజానుకు మనకు సేమ్యాలు పంపిస్తాదే, ఆమె నా పక్కనే పండుకునేది. వార్డెను సారు మాతో తన చేన్లో కలుపు తీపిచ్చేటోడు. చెనక్కాయ పండిచ్చింది మేము. ఆకలికి ఒక గుప్పెడు తీసుకున్న మాబున్ని మాత్రం దొంగ. ఆయన కొట్టిన దెబ్బకు దాని ఎడం చెవు పోయింది. అట్లే గులకరాళ్ళ మీద మోకాళ్ళేపిచ్చినాడు, మిట్టమధ్యాన్నం.

వాళ్ళ నాయన అర్జీ పెడితే జీపులో ఒక ఆఫీసరొచ్చినాడు. మన పద్ధతి నీకు తెల్దా, వచ్చిన మనిషిని కూడు పెట్టకుండా పంపము. వార్డెనింట్లో ఓళిగలు, నెయ్యి, నాటుకోడి. తిని, వక్కాకు నమల్తా, మమ్మల్ని వరసగా నిలబెట్టినాడు. పక్కన్నే వార్డెను, చేతిలో బెత్తం. "ఏమప్పా, బాగుండారా?" అన్నాడు. బాగుండాము సార్ అంటిమి. రాసుకోని పాయ. ఆ కాగితం ఇప్పుడు బయటపడిందంట. నెయ్యి మరక ఉండాదేమో చూడమన్నా.

ఇంక వార్డెను సారుకు సన్మానాలే సన్మానాలు. హాల్లో పటం, పటానికి దండ, కింద "పిల్లల పాలిటి దేవుడు" అని రాత. అబద్ధమేం గాదు. మోకాళ్ళ మీద మొక్కిచ్చుకున్న దేవుడే.

పోయినేడు మాబున్నే కదిలింది. దాంతో మేము ఇరవై మందిమి, అందరం ముసిలోళ్ళమే, అర్జీ మీద సంతకాలు పెడితిమి. విచారణకు మొదట ఎవుర్ని పెద్దగా పెట్టినారనుకుంటివి? వార్డెను అల్లున్ని. "ఆయనకైతే హాస్టలు సంగతులన్నీ తెలుసు" అన్నారు. తోడేలుకు మంద సంగతి తెలీదా మరి. కలెక్టరాఫీసు ముందర చాపలేసుకోని కూచుంటే, ఆయన్ని తీసేసి, యాడనో కోస్తా తట్టు నుంచి రిటైరయిన జడ్జమ్మను పంపినారు. ఈడ ఎవురికీ చుట్టం గాదు.

ఇంగ మా తెలివి చూడు. జడ్జమ్మొస్తాదని నేనూ మాబున్నీ పొద్దున్నే కూచోని ఓళిగలు చేస్తిమి. నవ్వు, నవ్వు. ఆయమ్మ హాస్టలు నడిపే ట్రస్టోళ్ళ శాలువా ముట్టలేదు, వాళ్ళ భోజనం వద్దనింది. మేము లోలోపల మురుస్తాంటే, మా ఓళిగలూ వద్దనింది. సంచిలోనుంచి సద్ది డబ్బా తీసింది. పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ.

మాబున్నికి మొగం ఇంతయ్యింది. చెవుడు గదా, చిన్నగా అన్నాననుకోని హాలంతా ఇనేట్లు, "సాయిబులోళ్ళ చేతి కూడు తినదేమోలే" అనేసి, చేతిసంచి తీసుకోని బస్టాండు దావ పట్టింది. చెవు పోయింది దానిది. అదే పోతే ఇంక విచారణ దేనిమీద? ఈ మోకాళ్ళేసుకోని ఎనకాలే పోయి, కుడి పక్కకు చేరి అంటి, "ఏమే పిచ్చిదానా, ఆ పొద్దు ఓళిగ తిన్నోడు నీ చెవు తిన్నాడు. ఈమె తినకుంటే నీకేం నష్టం?"

నిలబడింది. అట్లే నవ్వి ఎనక్కి తిరిగింది. జడ్జమ్మ అందర్నీ బయటికి పంపి, అది చెప్పినంతసేపూ ఇనింది. పొద్దు వాలిపాయ.

"మరి నీకెందుకవ్వా భయం?"

...చెనక్కాయల సంగతి వార్డెనుకు ఎవురు చెప్పినారనుకుంటాండావు పాపా? ఇంకో ముద్ద సంగటి పెడతానన్నాడు. పెట్టినాడు గూడా. మాబున్ని ఎండలో ఉంటే నేను నీడలో కూచోని తింటి. ఆఫీసర్ని ఎక్కిరిస్తాండానే ఇంతసేపూ, నేనేం తక్కువ?

దానికి ఈ పొద్దుకీ తెలీదు. సోమవారం జడ్జమ్మకు చెప్తా. కాదు... ముందు మాబున్నికి చెప్పాల. దాని సేమ్యాలు ఇన్నేండ్లు తింటిని గదా. ఆదివారం నన్ను గుంతకల్లు బస్సెక్కియ్యి.

నువ్వు సల్లంగుండు తల్లీ. కూడు చూపిచ్చి నీ బిడ్డల నోట్లో మాట ఎవురూ లాక్కోకుండా ఉండాల... అదే, అంతే...