ప్యాకేజీ కట్టినోడు

మట్టెవాడలో జంపఖానాలు అమ్మే నేతకారుల సంఘం ఆఫీసు. కాన్పుకు సాయంత్రం తొర్రూరులోని తల్లిగారింటికి బయలుదేరాల్సిన ఆమె, పోయేముందు తోటి ఉద్యోగి కంప్యూటర్‌లోకి తొంగిచూసింది.

“నేను కోడ్ తెచ్చి సొంతంగ కంపైల్ చేసి పెట్టిన వెబ్ సర్వర్ పీకేసినవా ఏంది, తమ్మీ?”

“పీకేసిన అక్కా. తయారుగ దొరికే ప్యాకేజీ తోటి మళ్ల పెట్టిన.”

“దినాలకు దినాలు కూసొని చేసిన గదరా! అక్కరకొచ్చేటియే ఉంచి కడమయన్ని తీసేసిన. ఏరిన బియ్యమోలె ఉండె.”

“మంచిగనే ఉండె. కని అప్‌డేట్ వచ్చినప్పుడల్ల మళ్ల మొదటికెళ్లి కంపైల్ చెయ్యాలె. అది నీకొక్కదానికే ఎరుక. మొన్న దవాఖానల సెలైన్ ఎక్కుతాంటె గూడ నాకు ఫోన్ల చెప్పుకుంటనే ఉన్నవ్.”

“మరి సైట్ బందైతే ఆర్డర్లు ఆగుతయి గదా.”

“ఇగ ఆగయి. ఒక్క కమాండ్ కొడితే అప్‌డేట్ ఐపోతది. నీ సెట్టింగులు ఒక్కటి గూడ ముట్టలే, చూసుకో.”

“సైట్ తెరువు... ఆ, వస్తాంది. నాదానికంటె తక్కువేం లేదురా దొంగా.”

“అక్కడికి పోయినంక ఫికర్ లేకుంట పండుకో.”

“గీ మాట ఇంట్లోల్లు గూడ అనలేదురా.” బ్యాగు భుజానికేసుకుంది. “ఇంతకు ఈ ప్యాకేజీ ఎవలు కట్టిండ్రు?”

“ఏ దేశపోడో. పైస అడగకుంట కట్టి అందరికి ఇచ్చిండు.”

“మొకమన్న ఎరుకలేదు. వాని కడుపు సల్లగుండ!”

“వానికంటె ముందుగాల నీ కడుపు సల్లగుండాలె అక్కా. ఫోన్ ఇటియ్యి, నా నంబర్ బ్లాక్ చేసి ఇస్త.”