స్తంభాలు లేని స్లాబు

మేస్త్రీ ఎప్పట్లాగే టీ గ్లాసు పట్టుకుని రోడ్డు అంచున నిలబడ్డాడు. మిగతావాళ్ళంతా టీ కొట్టు వరండాలో బల్ల మీద కూర్చున్నారు. ఆ వరండా స్లాబు ఆయన పోసిందే. రోజుకోసారి దానివైపు వేలు చూపించకపోతే ఆయనకు టీ అరగదు.

“లోపలికి రా బాబాయ్,” అన్నాడు లారీ డ్రైవరు.

“నాకు గాలాడాలిరా.”

ఆ రోజు టైలరమ్మ కూడా వచ్చింది. పిల్లలిద్దరికీ మేడ మీద గది వేయించాలి. స్లాబు పని ఈయనకివ్వాలా వద్దా అన్నది ఇవాళ తేల్చుకోవాలి. దాని కింద పడుకునేది తన పిల్లలు కాబట్టి, కత్తెర వేసే ముందు బట్టను చూసినట్టు మనిషిని చూస్తోంది.

“ఏముందమ్మా, మొన్నామధ్య ఒకాయనకి చిన్న గది స్లాబు వేశా,” అని మొదలుపెట్టాడు మేస్త్రీ. “పోస్తుంటే వాన. ఇంకోడైతే పట్టా కప్పి పారిపోయేవాడు. నేను ఆపలా. ఒక పాలు సిమెంటు, రెండు ఇసుక, నాలుగు కంకర, లెక్క లెక్కే. మర్నాడు పొద్దున్నే కింద కర్రలన్నీ పీకించేశా.”

“మర్నాడే!” అన్నాడు టీ కొట్టాయన.

“వారాల తరబడి ఉంచేది చేతకానివాళ్ళు. నేను కట్టిన ఇనప ఊచలు ఒకదాన్నొకటి వదలవు, సొంత అన్నదమ్ములు కూడా అంత కలిసుండరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కారుకి చోటు చాల్లేదని ఇంటాయన గోడలు తీసేయమన్నాడు, తీసేశా. ఒక స్తంభం అడ్డమన్నాడు, అదీ తీసేశా. మిగిలిన మూడూ చూడ్డానికి వికారంగా ఉన్నాయని వాటినీ కొట్టించేశా.”

“మరి స్లాబో?”

“ఎక్కడికి పోతుంది? నేను దిగమంటేగా! అలాగే గాల్లో నిలబడింది. పక్కింటాయన దానిమీదకి లారీ ఎక్కించి ఇసుక పోయించుకున్నాడు కూడా.”

“లారీ పైకెలా ఎక్కింది బాబాయ్?”

“రివర్సులో,” అన్నాడు మేస్త్రీ తడుముకోకుండా. “అదలా ఉంచు, అంతలో గాలివాన వచ్చిందా...”

కథలో వాన మొదలవగానే రోడ్డుమీదా మొదలైంది. ఆయన కదల్లేదు.

“ఊళ్ళో రేకులన్నీ ఎగిరిపోయాయి. మా స్లాబూ లేచిందనుకో, కానీ మర్యాదగా లేచింది. కప్పుల్లేని ఇళ్ళన్నిటిమీదా గొడుగులా కాసేపు నిలబడి, ఒక్క చుక్క కింద పడనివ్వకుండా కాచి, వాన వెలిశాక తన చోటికి తనే వచ్చేసింది. అప్పుడు నాకే జాలేసి దానికి స్తంభాలు పోశా. పైనుంచి కిందకి!”

చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. గ్లాసులో టీ తగ్గాల్సింది పోయి పెరుగుతోంది.

“మేస్త్రీ గారూ,” అంది టైలరమ్మ. “తడిసిపోతున్నారు. మీరు పోసిన స్లాబేగా ఇది, కిందకి రండి.”

“పర్లేదమ్మా. కాంక్రీటైనా మనిషైనా నీళ్ళు పడితేనే గట్టిపడేది.”

లారీ డ్రైవరు మెల్లిగా తలెత్తి పైకి చూశాడు. తర్వాత గ్లాసుతో సహా లేచి వానలోకి వెళ్ళి నిలబడ్డాడు. టీ కొట్టాయన స్టవ్వు కట్టేసి, పాలగిన్నె చంకన పెట్టుకుని అతని పక్కన చేరాడు. చివరగా టైలరమ్మ సంచి నెత్తిన పెట్టుకుని బయటికి నడిచింది.

“మరి మన స్లాబు సంగతేం చేశావమ్మా?” అన్నాడు మేస్త్రీ, మొహం తుడుచుకుంటూ.

“ఆ బల్లమీద కూర్చుని ఒక్క టీ తాగండి,” అంది ఆమె. “ఆ రోజు మాట్లాడుకుందాం.”