రావొద్దన్న ఊరు

నాచారంలో మూడో అంతస్తు మీది అద్దె ఇల్లు. సాయంత్రం. ఇంగ్లండుకు ముసలివాళ్ళను చూసుకునే పనికి పోయిన దోర్కా ఆ పొద్దునే చెప్పకుండా తిరిగొచ్చింది. భర్త బెంజమిన్ ఇంట్లోనే ఉన్నాడు. కింది వాటాలో ఉండే మరియా పరుగున మెట్లెక్కి వచ్చింది.

"దిగిందట అన్నా, సక్కగ దిగింది! ఇగ ఇంటికి... అయ్యో, అక్కా! నువ్వు ఈడున్నవేంది?"

"నేను దిగిన్నని అప్పుడే గల్లీ మొత్తం తెలిసిందా? దా మరియా, కూసో."

"కాదక్కా... నువ్వు... ఎప్పుడొచ్చినవ్?"

"పొద్దుగాల. ఉప్పల్ దాక ఎయిర్‌పోర్ట్ బస్సు, ఆడికెల్లి ఆటో. ఏంది, దయ్యాన్ని సూసినట్టు సూస్తున్నవ్?"

"మరి ఆడ... ఆడ ఎవరున్నరిప్పుడు?"

"చెల్లె, ఆమె బాగ అలిసిపోయి వచ్చింది. రేపు మాట్లాడుదువు తీ."

"కూసోనియ్యవయ్యా. మూడేండ్లకు మనోళ్ళ మొఖం సూస్తున్న. పొద్దటిసంది నువ్వొకటే, పండు, పండు, పండు. నాకు నిద్రొస్తలేదు. చాయ్ పెట్టాల్నా మరియా?"

"వద్దక్కా. జర మంచినీళ్ళియ్యి."

"ఇగో. గ్లాసు మొత్తం ఒక్క గుక్కల తాగితివేంది, జరమొచ్చిందా?"

"ఏం లే. మెట్లెక్కి వచ్చిన గదా. అక్కా, ఒక మాట అడుగుత. ఆడ ఇంగ్లండుల మీ ఊర్ల రైలు స్టేషన్‌కెల్లి మీ ఇల్లెంత దూరం?"

"నడిస్తే పది నిమిషాలు. కొంచెం గుట్ట ఎక్కాలె. ఎందుకు?"

"ఊకెనే. ఒక్కతే ఆడపిల్ల పోవచ్చునా?"

"పగటీలైతే పోవచ్చు. ఎందుకడుగుతున్నవ్?"

"చెల్లె, మీ ఆయన ఎబినేజర్ వచ్చే టైమైతలేదా? పో, కిందికి పో."

"ఆయన ఉప్పల్ల ఏజెంటు ఆఫీసుకు..."

"చెల్లె!"

"...డ్యూటీల ఉన్నడు. ఆయన డ్యూటీల ఉన్నడక్కా."

"ఏ ఏజెంటు? ఏం దాస్తున్నరు మీరిద్దరు?"

"దాసేదేముంది దోర్కా? ఎవరో ఆళ్ళ చుట్టాల పిల్ల, నీ తీర్గనే లండన్ పోదామనుకుంటున్నది. ఆ దేశపోళ్ళు ఇగ కొత్తోళ్ళను రానియ్యరట గదా, దారి బంద్ వెడుతున్నరు. గందుకని తొందర. అంతే."

"చుట్టాల పిల్లనా? రూతా?"

"నేను పోత అక్కా, పొయ్యి మీద బువ్వుంది."

"మరియా, నిన్నే అడుగుతున్న. నీ బిడ్డ రూతేనా?"

"నర్సింగ్ ఐపోయిందక్కా. ఈడ దవాఖానల ఇచ్చే జీతం ఆమె రానుపోనుకే సాలదు."

"పంపకు."

"దోర్కా!"

"నువ్వాగు. మరియా, పంపకు."

"గదేందక్కా? నువ్వు మంచిగనే ఉన్నవ్ గదా. ఫోటోలల్ల మంచు, కోటు, మస్తు..."

"ఫోటోల చలి కనపడదే."

"సూడు చెల్లె, ఇరవై గంటలు విమానంల కూసుని వచ్చింది, తల తిరుగుతుంది. ఆమె మాటలు పట్టించుకోకు."

"నీ ఫోన్ మోగుతుంది సూడవయ్యా."

"మోగనియ్యి. రాంగ్ నంబరు."

"మళ్ళ మోగుతుంది. రాంగ్ నంబరోడు రెండు మాట్ల జేస్తడా?"

"...నేను మెట్లకాడ మాట్లాడొస్త. చెల్లె, నేనేం చెప్పిన్నో యాదుంది గదా?"

"ఉందన్నా."

"పోయిండు. ఇప్పుడు చెప్పు, ఏం యాదుండాలె నీకు?"

"ముందుగాల నువ్వు చెప్పక్కా. గిట్ల చెప్పకుంట ఎందుకొచ్చినవ్? ఎన్ని రోజుల సెలవు?"

"సెలవు లేదు, ఏం లేదు."

"అంటే సెలవు మీద రాలేదా? మరి అన్నకేం చెప్పినవ్?"

"ఆయనకు పదిహేను రోజుల సెలవని చెప్పిన. నోట్లె మాట నోట్లెనే ఉంది. మరియా, మా కంపెనీ మూతవడ్డది. ఆళ్ళ లైసెన్సు సర్కారు గుంజుకుంది. ఇంకో కంపెనీ సూసుకో, లేకుంటే పో అన్నరు. ఎన్ని తలుపులు కొట్టిన్నో దేవునికి ఎరుక."

"కంపెనీ... మూతవడ్డదా? మొత్తానికే?"

"మొత్తానికే. బోర్డు గూడ పీకేసిన్రు. నువ్వెందుకు గట్ల తెల్లవోతున్నవ్?"

"కొత్తోళ్ళను... కొత్తోళ్ళను తీసుకుంటున్నరు గదా ఆళ్ళు?"

"ఎవరు చెప్పిన్రు నీకు? ఆ ఏజెంటా? ఉన్నోళ్ళకే పని లేక వారంల రెండు రోజులు పిలిచేటోళ్ళు. మిగతా రోజులు రూముల కూసోవాలె. హీటరు ఏస్తే బిల్లు, ఎయ్యకుంటే కాళ్ళు కొంకర్లు. బువ్వ ఒండుకోవాల్నంటే గూడ ఆలోచన జేసేటోళ్ళం, ఇయ్యాల పొయ్యి ముట్టియ్యాల్నా వద్దా అని."

"మరి తిండి?"

"చర్చిల డబ్బాలు పంచుతరు. బీన్సు, పాస్తా, పాలపొడి. ముందుగాల లైన్ల నిలవడనీకి సిగ్గయింది. ఒకనాడు సూస్తే నా ముంగట మా కంపెనీ మేనేజరమ్మ ఉంది. తెల్లామె. నన్ను సూసింది, నేను సూసిన. ఇద్దరం మొఖాలు తిప్పుకున్నం."

"తెల్లోళ్ళు గూడనా అక్కా?"

"తెల్లోళ్ళే ఎక్కువ. ఆళ్ళ దేశం యూరప్ దేశాల జట్టుల కెల్లి బయటికొచ్చింది గదా, బ్రెగ్జిట్ అని. బయటోళ్ళు రావొద్దు, మనది మనమే తిందామని ఓట్లేసిన్రు. పోలండు పిల్లలు, రొమేనియా పిల్లలు ఎల్లిపోయిన్రు. పోయినంక ముసలోళ్ళకు తానం పోసేటోళ్ళు దొరకలే. గప్పుడు మనల్ని పిలిచిన్రు."

"రావొద్దని ఓటేసి, మళ్ళ పిలిచిన్రా?"

"పిలిచినోళ్ళు ఒకళ్ళు, ఓటేసినోళ్ళు ఒకళ్ళు. ఎడ్నా అని ఒక ముసలామెను సూసుకుంటుంటి. నేను ఆమె కాళ్ళు కడుగుతుంటే మెల్లగ అన్నది, నువ్వు రావొద్దనే నేను ఓటేసిన బిడ్డా అని."

"ఓయమ్మా! నువ్వేమన్నవ్?"

"ఏమంట? ఆమె పండ్లు గిటగిట కొట్టుకుంటున్నయ్. గ్యాసు బిల్లు కట్టలేక హీటరు బంద్ వెట్టింది. మిట్టమధ్యాహ్నమే దుప్పట్ల దూరుతది. కాళ్ళు నా ఒళ్ళె పెట్టుకుని రుద్దిన. ఏడ్చింది ముసల్ది. బయటికొస్తే మంచిరోజులొస్తయన్నరు, దవాఖానలు బాగుపడ్తయన్నరు, నా మోకాలి ఆపరేషన్‌కు ఇంకా పిలుపే రాలేదని ఏడ్చింది."

"పాపం..."

"పాపమే. ఊరంత అదే ముచ్చట. బస్సుల అదే, దుకాన్ల అదే. వెన్న పిరం, కరెంటు పిరం, కిరాయి పిరం. మమ్మల్ని మోసం జేసిన్రు అంటరు. నిజమే, జేసిన్రు. కని జేసినోళ్ళు ఆళ్ళకు ఏడ దొరుకుతరు? బస్సుల నేను దొరుకుత."

"ఏమన్న... నిన్నేమన్న అన్నరా?"

"అన్నరు."

"ఏమన్నరు?"

"ఇడిసిపెట్టు."

"చెప్పక్కా. నాకు తెల్వాలె."

"ఒకడు మీద బీరు పోసిండు. పో మీ దేశం పో అని. బస్సుల ఇంతమంది ఉన్నరు, ఒక్కళ్ళు నోరు తెరవలే. మన రూతు ఈడు పోరి ఒకతి ఫోన్ల వీడియో తీసుకుంట నవ్వింది. ఇంటికొచ్చి కోటు ఉతుక్కున్న. తెల్లారి అదే కోటేసుకుని ఫోటో దిగి పంపిన, నువ్వు సూసిన ఫోటో అదే."

"యేసయ్యా..."

"ఏడవకు. నేను ఏడ్వాలె గని నువ్వేడుస్తున్నవేంది?"

"ఈడ మాత్రం ఏముందక్కా? మల్లాపూర్ల నా పాకింగ్ పని పోయింది. కిరాయి పెంచిండు. మంచినూనె పాకెట్ జూస్తే గుండె దడ. నువ్వు పోయినంక మీ ఇంట్ల ఫ్రిజ్జొచ్చింది, పిల్లగాన్ని మంచి హాస్టల్ల ఏసిన్రు. కిందికెల్లి సూసుకుంట ఉంటిని. నా కండ్లకు గదే కనపడ్డది. గందుకే మేడిపల్లి కాడి జాగ..."

"జాగ? అమ్మిండ్రా?"

"పైసలు ఏడికెల్లి తేవాలె అక్కా?"

"మరియా! జాగ అమ్మి ఏజెంటుకిచ్చిండ్రా?"

"తెలిసినోళ్ళు తోడుంటే బతకదా అక్కా? దారి సూపెట్టనీకి ఒక మనిషుంటే, ఒండి పెట్టనీకి ఉంటే... ఆడ ఒక అక్క ఉన్నదనుకో, బతకదా?"

"ఎవరుంటరే? నేనుంటే ఏమో. నేనే లేనాయె."

"నువ్వే లేవాయె."

"గందుకే చెప్తున్న. పైసలు పోతే పోనియ్యి, జాగ పోతే పోనియ్యి. నా మాటిను. బిడ్డను పంపకు. నీ కాళ్ళు మొక్కుత."

"ఏం చెప్తున్నవే ఆమెకు?"

"వచ్చినవా? నిజం చెప్తున్న. నువ్వు ఈ మనుషులకు ఏం చెప్పినవో తెల్వది గని, నేను నిజం చెప్తున్న."

"అన్నా, ఫోన్ ఎవరిది? ఆయనదేనా? ఏమన్నడు?"

"ఎబినేజరే. ఏజెంటు ఆఫీసుకు తాళం ఉందట. పక్క దుకాన్ల అడిగితే నాలుగు రోజులాయె తీయక అన్నరట. ఫోన్ ఎత్తుతలేడు."

"అన్నా!"

"గాబరా గాకు చెల్లె. ఏజెంటుతో పనేముంది మనకు? కంపెనీ ఉంది గదా. ఆడ కంపెనీ సూసుకుంటది."

"కంపెనీ లేదయ్యా."

"ఏంది?"

"లేదు. మూతవడ్డది. నేను సెలవు మీద రాలే. నన్ను పంపిచ్చేసిన్రు. పొద్దటిసంది చెప్దామంటే నోరు వస్తలేదు."

"ఏ కంపెనీ? మన కంపెనీనా?"

"మన కంపెనీ, మన కంపెనీ అనకు. మనది కాదు అది."

"ఎప్పుడు?"

"ఎండకాలం మొదట్ల."

"అప్పటిసంది... రోజు ఫోన్ల మాట్లాడుతున్నం గదనే! ఒక్క మాట, ఒక్క మాట చెప్పకపోతివి!"

"ఎట్ల చెప్పాలె? ఫోన్ జేసినప్పుడల్ల ఏమంటుంటివి? ఆదివారం చర్చిల నీ గురించి సాక్ష్యం చెప్పిన, అందరు చప్పట్లు కొట్టిన్రు అంటుంటివి. నేనేం చెప్పాలె మరి? ఎవరినన్న పంపుత అంటే వద్దు అన్ననా లేదా? ఎవ్వర్నీ తేవద్దు అని ఎన్ని మాట్ల అన్న!"

"వద్దన్నవు గని, ఎందుకో చెప్తివా? నువ్వు బాగుపడి ఇంకొకళ్ళు బాగుపడొద్దని అంటున్నవనుకున్న."

"గంత మాటనా?"

"అనుకున్నరు గని ఇడిసిపెట్టుండ్రి! అక్కా, మీ రూమ్? మీ రూమ్ ఉంది గదా?"

"రూమేంది? ఖాళీ జేసిన. తాళంచెవి ఓనర్ చేతుల వెట్టి వచ్చిన."

"ఆ కేరళ పిల్లలు? నీతోని ముగ్గురుండిరి గదా. ఎవరో ఒకరు ఉంటరు గదా ఇంట్ల?"

"ఎవ్వరు లేరు. నాకంటె ముందుగాలే ఎల్లిపోయిన్రు. ఓనర్ ఇల్లు అమ్ముతున్నడు. కరెంటు గూడ తీపిచ్చిండు. ఎందుకు మీకు నా రూమ్ సంగతి? ఏమయ్యా, ఎందుకు గట్ల కింద కూలవడ్డవ్?"

"ప్రభువా... ప్రభువా..."

"ఏంది? నా పని పోయినందుకా? ఉప్పల్ల ఏ దవాఖానలనైన జేస్త. ఇద్దరం జేసుకుని బతుకుదాం. లే."

"గది కాదు దోర్కా. గది కాదే."

"చెప్పన్నా. చెప్పొద్దని నా నోరు కట్టేసినవ్ గదా, ఇప్పుడు నువ్వే చెప్పు."

"ఏం చెప్పాలె? ఎవరన్న చెప్పుండ్రి, నాకు భయమైతుంది."

"దోర్కా, నేను... నువ్వు ఆడ ఉన్నవనే ధైర్యంతోని... జర ఆగు, నీ ఫోన్ మోగుతుంది."

"నా ఫోనా? ఆ దేశం సిమ్ము ఇంకా తీయలే. ఏడుంది? సంచిల... ఇగో. ఆ దేశం నంబరే!"

"ఎత్తకు."

"ఎత్తకుంటెట్ల? ఎన్ని కంపెనీలకు రాసిన్నో, ఎవరన్న పనికి పిలుస్తున్నరేమో! మరియా, నువ్వెందుకు గట్ల నోరు మూసుకుని ఏడుస్తవ్? పని దొరికితే మనందరికి మంచిదే గదా. జర సప్పుడు జేయకుండ్రి. హలో? ఎస్, దోర్కా హియర్... హలో?"

"ఆంటీ, నేను రూతును. స్టేషన్‌కెల్లి నడిసొచ్చి ఎంతసేపటిసందో మీ తలుపు కొడుతున్న, మస్తు వాన వడ్తుంది, జర తలుపు తీయి ఆంటీ."